తక్షణ కారణం

మా చరిత్ర సారు పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది కాలేజీలో గదులు ఊడ్చే అప్ప. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆమె రోజూ మా వీధి మీదుగానే డ్యూటీకి వెళ్లి వస్తుంది. ఆ మధ్యాహ్నం మా గేటు దగ్గర ఆగి, లోపలికి రమ్మన్నా రాకుండా, టిఫిన్ డబ్బా సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడింది.

“పాపా, మీ ఇస్టరీ సారు నేరంటమ్మా.”

“లేరంటే?”

“పోనారంట. పొద్దున్న తుని బస్సులో కూకున్న మనిషి కూకున్నట్టే ఉండిపోనారంట. అందరూ దిగిపోనాక కండక్టరు తట్టి లేపితే పక్కకి ఒరిగిపోనారంట.”

“నీకెవరు చెప్పారప్పా?”

ఆమె నా మొహంలోకి వింతగా చూసింది. “ఇదేటి పాపా! మడిసి పోనారంటే ఏడుపు రావాల గాని, ఎవులు సెప్పినారని ఆరాలేటి? బస్సు కాంప్లెక్సు ఎదర టీకొట్టాయన సెప్పినాడు. ఆయనకి ఆ కండక్టరే సెప్పినాడంట. సాలా?”

చాలు. కళ్లతో చూసినవాడు కండక్టరు, విన్నవాడు టీకొట్టాయన, అతని దగ్గర విన్నది అప్ప. కబురు నిజమే. నేను గేటు పట్టుకుని అక్కడే గట్టు మీద కూర్చున్నాను.

ఆ ప్రశ్న నాది కాదు. మొదటి ఏడాది మొదటి క్లాసులో ఆయన బోర్డు మీద రాసిన మూడు ప్రశ్నల్లో ఒకటి. ఎవరు చెప్పారు? వాళ్లకెలా తెలుసు? ఎప్పుడు చెప్పారు? “ఈ మూడూ అడక్కుండా మీ అమ్మ సెప్పినా నమ్మొద్దు, నేను సెప్పినా నమ్మొద్దు” అనేవారు. ఆయన చావు దగ్గర కూడా ఆ ప్రశ్నే నా నోట ముందొచ్చింది. ఏడుపు తరవాత వచ్చింది.

ఇది రాయడానికి నాకు అర్హత ఉందో లేదో తెలియదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నేను బడికి వెళ్లిన పిల్లను కాను. ఆరో ఏట వచ్చిన కీళ్ల జ్వరం గుండె కవాటాన్ని పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే పెదాలు నీలంగా మారేవి. నాన్నగారు ఇక్కడే, నర్సీపట్నంలోనే, డివిజన్ ఆఫీసులో గుమాస్తా. ముందు పిల్ల బతకాలి, చదువు సంగతి తరవాత చూద్దామన్నారు. ఆ తరవాత ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేక అమ్మే పలక పట్టించింది.

మా ఇంట్లో పుస్తకాలు తక్కువ. ఏటా ఉగాదికి తప్పకుండా కొనేది పంచాంగం ఒక్కటే. తెల్లారి దీపం పెట్టాక అమ్మ దాన్ని తెరిచి ఆ రోజు తిథి, వారం, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం పైకి చదివేది. నేను ఆమె వేలు వెంటే చదవడం నేర్చుకున్నాను. అంకెలు అందులోనివే, గడియారం చూడడం అందులోంచే. ఎనిమిదేళ్లు వచ్చేసరికి అరవై సంవత్సరాల పేర్లు ప్రభవ నుంచి అక్షయ దాకా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేదాన్ని. ఊపిరి తీసుకోకపోవడం డాక్టరుగారు వద్దన్న పని కాబట్టి అమ్మ మధ్యలో ఆపించేది.

పదహారో ఏట విశాఖపట్నంలో ఆపరేషన్ జరిగింది. ఆ డాక్టరుగారి మొహం నేను చూడలేదు. మాస్కు పైన కళ్లు చూశాను. ఆ కళ్లకు ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను. ఆ తరవాత ఇంటి దగ్గరే ఓపెన్ స్కూలులో పది, ఇంటర్ గట్టెక్కాను. అక్కడితో ఆగిపోయాను. ఆగిపోయానన్న దిగులు కూడా పెద్దగా ఉండేది కాదు. బతికున్నాను కదా, అదే ఎక్కువ అనుకునేదాన్ని.

అప్పుడు వచ్చారు ఆయన. మే నెల మిట్టమధ్యాహ్నం, గీతల చొక్కా వీపుకు అంటుకుపోయి, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కాలేజీ కరపత్రాలు. వేసవిలో మా ఊళ్లో లెక్చరర్లు ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని అడుక్కోవడం మామూలే. తగినంతమంది చేరకపోతే గ్రూపు ఎత్తేస్తారు.

“అమ్మా, ఇంటర్ పాసైన పిల్లలున్నారా ఇంట్లో?”

అమ్మ మంచినీళ్లిచ్చి, “ఒకర్తుంది గానండీ, దానికి బడికెళ్లే అలవాటు నేదు” అంది.

“మాకూ నేదమ్మా అలవాటు, పిల్లలు రావడం. మా చరిత్ర గ్రూపులో కిందటేడు కుర్సీలు ఎక్కువ, మనుషులు తక్కువ.”

“చరిత్ర చదివితే ఏటొస్తాదండీ?”

ఆయన గ్లాసు దించి మూతి తుడుచుకున్నారు. “ఉద్యోగం ఒస్తాదని అబద్ధం సెప్పలేనమ్మా. నాకే సరిగ్గా రానేదు. ఎవులేటి సెప్పినా నమ్మేసే జబ్బు మాత్రం తగ్గుతాది.”

అమ్మ నవ్వింది. ఆ ఒక్క నవ్వుతో నా డిగ్రీ మొదలైంది.

నాకే సరిగ్గా రాలేదని ఆయన అన్నది హాస్యం కాదని తరవాత తెలిసింది. ఆయన గెస్ట్ లెక్చరర్. పాఠం చెప్పిన గంటకే జీతం. ఏటా జూన్‌లో ఆయన ఉద్యోగం పోయి, పిల్లలు చేరితే జూలైలో మళ్లీ వచ్చేది. అలా ఎన్ని జూన్‌లు గడిచాయో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. జుట్టు మాత్రం నెరిసిపోయింది. హాజరు పట్టీలో పర్మినెంటు వాళ్ల సంతకాలన్నీ అయ్యాక అట్టడుగున ఆయనది ఉండేది.

మొదటి వారంలోనే ఆయన నా కోసం చేసిన పని ఒకటుంది. చరిత్ర క్లాసు పై అంతస్తులో ఉండేది. నేను రెండో మలుపు దగ్గర రెయిలింగు పట్టుకుని ఆగిపోవడం చూశారు.  మర్నాడు వెళ్లేసరికి కింద, విరిగిన బెంచీలు పడేసే గది ఊడ్చి ఉంది. గోడకు పటం వేలాడుతోంది. చెద తిన్న చోట బంగాళాఖాతం లేదు. “ఈ యేడు నుంచి చరిత్ర కిందకి దిగింది” అన్నారు. ఆ గది ఊడ్చింది అప్ప. ఇద్దరూ కలిసి బెంచీలు మోశారట. ఆ సంగతి కూడా అప్పే చెప్పింది. ఆయన చెప్పలేదు.

నా పంచాంగం చదువుకు మొదటిసారి విలువ కట్టింది ఆ గదిలోనే. ఒకరోజు ఆయన పాత శాసనం నకలు ఒకటి చూపించారు. సంవత్సరం అంకె చెరిగిపోయింది. సంవత్సరం పేరు, మాసం, తిథి మిగిలాయి. అరవై ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది కాబట్టి, రాజు ఎవరో తెలిస్తే ఏ ఏడో వేళ్ల మీద లెక్కకట్టొచ్చు. మిగతా ఇద్దరు పిల్లలూ పెన్నులు తీసేలోపు నేను చెప్పేశాను.

“ఎక్కడ నేర్సుకున్నావ్?”

“మా అమ్మ దగ్గర సార్. పంచాంగంలో.”

“ఓలమ్మో, ఇన్నాళ్లూ ఎక్కడ దాసినారమ్మా నిన్ను! యూనివర్సిటీలో పెద్దపెద్దోళ్లు దీనికి టేబుళ్లు ముందేసుకుని కూకుంటారు. మన దగ్గర పంచాంగం పాప ఉంది.”

ఆ పేరు ఉండిపోయింది. నాకు ఎంత గర్వమో! ఇంటికొచ్చి అమ్మకు చెబితే ఆమె పంచాంగాన్ని కళ్లకద్దుకుని దేవుడి గూట్లో పెట్టింది.

ఆయన పాఠాల్లో నాకు ఎక్కువ గుర్తున్నది కారణాల పాఠం. ఏ యుద్ధమైనా, ఏ తిరుగుబాటైనా పరీక్షలో కారణాలు రాయమంటారు. దీర్ఘకాలిక కారణాలు కొన్ని, చివర తక్షణ కారణం ఒకటి. ఎవరినో ఎవరో కాల్చి చంపడం, ఎక్కడో ఒక ఉత్తర్వు రావడం, అలాంటిది. మేమంతా తక్షణ కారణాన్నే పేజీలు నింపి రాసేవాళ్లం. కథలా ఉంటుంది కదా. ఆయన సగం మార్కులు కోసేవారు. “అగ్గిపుల్ల గీసినోణ్ణి ఊరంతా సూస్తాది. గడ్డి ఎన్నాళ్ల నుంచి ఎండుతోందో రాసినోడికే నేను మార్కులేస్తాను.”

రెండో ఏడాది అయిపోయిన వేసవిలో ఆయనతో పాటు నేనూ ప్రచారానికి తిరిగాను. ఆడపిల్ల వెంట ఉంటే ఇళ్లలో మాట్లాడతారని ఆయనే అడిగారు. ఆ ఏడు మా గ్రూపు నిలవడం కష్టమని ప్రిన్సిపాల్‌గారు ముందే చెప్పేశారు. గ్రూపు నిలిస్తేనే ఆయనకు గంటలు. నాకు ఆ సంగతి తెలుసు. ఒక్కో పేరూ దొరికినప్పుడు ఆయన జేబులోంచి కాగితం తీసి రాసుకుని, మడత పెట్టి, జేబు మీద చెయ్యి వేసుకునేవారు.

చివరికి ఒక్క పేరు కావలసి వచ్చింది. కృష్ణదేవిపేట దాటాక ఒక ఊళ్లో జీడితోట, కొంచెం చెరకు ఉన్న రైతు కూతురు. ఇంటర్ పాసైంది. ఆ ఊరికి షేర్ ఆటోలో మూడుసార్లు వెళ్లాం. మూడోసారి ఆ తండ్రి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పేశాడు.

“సారూ, కోప్పడకండి. సరిత్ర సరిత్ర అంటారు. మా పక్కూర్లో మన్నెం వీరుడి స్మారకం ఉంది. రోజూ సూస్తన్నాం కదా. ఇంక సదవడానికేటుంది?”

“స్మారకంలో ఒకాయన నిలబడున్నాడు. ఆయనకి అన్నం వండి పెట్టినోళ్లు, అడివిలో దారి సూపినోళ్లు ఎక్కడున్నారో సెప్పండి.”

“మాకేటి తెల్సండీ. మా ముసలోళ్లతోనే పోనాది.”

“అందుకే పంపమంతన్నాను మీ అమ్మాయిని.”

ఆ మనిషి చాలాసేపు తువ్వాలు మడత పెట్టాడు, విప్పాడు. తరవాత లోపలికి చూసి, “ఏటే, ఎల్తావా?” అన్నాడు. తలుపు వెనక నుంచి “ఎల్తాను” అని వినబడింది.

ఆన్‌లైన్‌లో పేరు పెట్టడానికి మర్నాడే ఆఖరి రోజు. శుక్రవారం. సాయంత్రం ఐదింటికి సైటు మూసేస్తారు. సారు వేరే ఊళ్లో ఇంకెవరినో అడగడానికి వెళుతూ, “తండ్రీకూతుళ్లిద్దర్నీ నెట్ సెంటరుకి రమ్మన్నాను. నువ్వు దగ్గరుండి పెట్టించీ తల్లీ. బేగి అయిపోవాల” అన్నారు. నా మీద అంత నమ్మకం.

వాళ్లు పదింటికే వచ్చారు. నెట్ సెంటరాయన వివరాలన్నీ కొట్టాడు. ఫోటో ఎక్కించాడు. మొదటి ఆప్షన్ చరిత్ర. అన్నీ అయ్యి ఆఖరి బటన్ దగ్గరికి వచ్చేసరికి నేను గోడ గడియారం చూశాను. పది ముప్పై రెండు.

శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. అది నాకు గుర్తు చేసుకోవలసిన సంగతి కాదు. నా పేరు ఎలా తెలుసో అదీ అలాగే తెలుసు.

“కాసేపు ఆగుదామండీ,” అన్నాను. “మంచి పని కదా. పన్నెండు దాటాక నొక్కుదాం.”

నెట్ సెంటరాయన నా వైపు తిరిగాడు. “ఇప్పుడు సర్వరు ఖాళీగుందమ్మా. నొక్కీమంటే నొక్కీస్తాను.”

“పన్నెండుకి కూడా ఉంటుంది కదండీ.”

ఆ అమ్మాయి తండ్రి నా వైపు మెచ్చుకోలుగా చూశాడు. అది కూడా చెప్పాలి. “సదువుకున్న పిల్లయినా పద్ధతి తెలిసిన పిల్ల” అన్నాడు. ఎరువుల కొట్టుకు వెళ్లొస్తానని లేచాడు. ఫోను ఆయనదే. ఆఖరి బటన్ నొక్కాక ఓటీపీ వచ్చేది ఆ ఫోనుకే.

ఆయన తిరిగొచ్చి కూర్చున్నాక, పన్నెండు కావడానికి పది నిమిషాలుందనగా కరెంటు పోయింది. లైను మరమ్మతట. సాయంత్రం దాకా రాదన్నారు. ఇంకో నెట్ సెంటరుకు పరుగెత్తాం. నేను పరుగెత్తకూడదు, అయినా పరుగెత్తాను. అక్కడా లేదు. జనరేటరున్న చోటు దొరికేసరికి మూడున్నర. అప్పటికి రాష్ట్రంలో ఆఖరి నిమిషం వాళ్లంతా ఆ సైటు మీదే ఉన్నారు. తెల్లటి పేజీలో చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. ఓటీపీ ఒకసారి వచ్చింది. కొట్టేలోపు గడువు దాటింది. నేను లోపల ఇష్టదేవతను పిలుస్తూనే ఉన్నాను. ఐదు దాటి రెండు నిమిషాలకు, గడువు ముగిసిందని ఎర్ర అక్షరాలు వచ్చాయి.

ఏటా గడువు పెంచుతారు, ఈసారీ పెంచుతారన్నారు అందరూ. ఆ ఏడు పెంచలేదు.

వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. కావలసిన సంఖ్యకు ఒక్కరు తక్కువ. ఈ సంవత్సరం చరిత్రలో కొత్తగా ప్రవేశాలు లేవు. ఇప్పటికే ఉన్న మా ముగ్గురికీ వేరే సబ్జెక్టు లెక్చరర్ చెబుతారు. గెస్ట్ లెక్చరర్ అవసరం లేదు. ఆ ఆఖరి వాక్యం కాగితంలో లేదు. ఉండనవసరం లేదు.

ఆయన బీరువా ఖాళీ చేస్తున్న రోజు కింద గదికి వెళ్లాను. పటం చుట్టి దారం కడుతున్నారు. చెప్పేయాలనే వెళ్లాను. ఉదయం దీపం ముందు మాట కూడా ఇచ్చుకున్నాను. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

“సార్, ఆ రోజు సర్వర్... కరెంటు పోయింది సార్.”

ఆయన దారం ముడి పళ్లతో బిగించి నా వైపు చూశారు. “తెల్సమ్మా.”

“ఒక్క పేరు సార్. నేను కొంచెం ముందుగా...”

“పరీక్షలో ఇలాగే రాస్తావా? సగం మార్కులే ఏస్తాను.” నవ్వుతూనే అన్నారు. వేళ్లు మడిచి లెక్కపెట్టారు. “ఊళ్లలో చరిత్రంటే పనికిరానిదనుకోవడం ఒకటి. పోస్టు నింపకుండా ఇన్నేళ్లు నాలాటోణ్ణి పెట్టి నడపడం రెండు. పిల్లలు తగ్గితే పాఠం తీసెయ్యాలనే రూలు మూడు. ఇవన్నీ ఒదిలేసి కరెంటు పోనాదని రాస్తావేటి? పద, ఆ అట్టపెట్టె ఓ పక్క పట్టుకో.”

పట్టుకున్నాను. బరువేమీ లేదు. ఆ మాటలకు మనసు తేలికపడింది. తేలికపడినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆయన చెప్పిన కారణాలన్నీ నిజాలే. నేను చెప్పకుండా దాచినదీ నిజమే.

అమ్మకు మాత్రం ఆ సాయంత్రం అంతా చెప్పాను.  మర్నాడు ఆమె దీపం పెట్టి తిథి, వారం, నక్షత్రం చదివి పంచాంగం మూసేసింది. రాహుకాలం పైకి చదవడం ఆ రోజుతో మానేసింది.

ఆయనకు పాయకరావుపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పని దొరికింది. తెల్లవారే తుని బస్సెక్కి, అక్కడ దిగి, తాండవ వంతెన మీదుగా అవతలి ఒడ్డుకు నడిచి వెళ్లేవారు. చీకటి పడ్డాక తిరిగి వచ్చేవారు. సెలవు పెడితే జీతం కోసేస్తారని జ్వరంతో కూడా వెళ్లేవారని విన్నాను.

మాకు పాఠం చెప్పే బాధ్యత తీసుకున్న లెక్చరర్‌గారు మంచివారే. గైడు తెరిచి చదివించేవారు. మేము తప్పుతామని సారుకు అర్థమైనట్టుంది. ఒక ఉదయం నా ఫోనుకు వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక బస్సు ఇంజను రొద, మధ్యలో కండక్టరు టిక్కెట్ టిక్కెట్ అనడం, ఆ రొదలో ఆయన గొంతు. “పంచాంగం పాపా, ఈయాల మూడో యూనిట్. మిగతా ఇద్దరికీ పంపించు.” అలా రోజూ. కాకరాపల్లి దాటేదాకా ఒక పాఠం, తుని వచ్చేదాకా ఇంకొకటి. ఎవరూ ఆయనకు దీనికేమీ ఇవ్వలేదు. మేము ముగ్గురం ఆ బస్సులోనే మూడో ఏడాది చదివాం. యూనివర్సిటీ పరీక్షలు ముగ్గురం పాసయ్యాం. కారణాలు రాయమన్న ప్రశ్నకు తక్షణ కారణాన్ని రెండే రెండు వాక్యాల్లో రాశాను.

ఫలితాలు చెప్పడానికి ఫోను చేస్తే, “మీ అమ్మకి సెప్పావా? ముందు ఆవిడకి దండం పెట్టు” అన్నారు. అప్పుడు కూడా చెప్పలేకపోయాను. సంతోషంలో ఉన్న మనిషికి ఇప్పుడెందుకులే అనుకున్నాను. ఆయన దిగులుగా ఉన్నప్పుడు దిగులని, సంతోషంగా ఉన్నప్పుడు సంతోషమని, నాకు ప్రతిసారీ ఒక కారణం దొరికింది.

ఆయన నుంచి వచ్చిన ఆఖరి మెసేజ్ పాఠం కాదు. “నా పేరు మీద తీసుకున్న ఆ లావుపాటి పుస్తకం ఊరి లైబ్రరీకి ఇచ్చేశావా? ఫైన్ పడిపోద్ది, సూసుకో.” అంతే. రెండు రోజుల తరవాత అప్ప మా గేటు దగ్గర నిలబడింది.

పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లాను. ఊళ్లోనే, సందు చివర అద్దె వాటా. మనుషులు వచ్చి వెళ్లిపోయారు. కుర్చీలు అక్కడక్కడా మిగిలాయి. గీతల చొక్కా తీగ మీద ఆరేసి ఉంది. వాళ్లావిడ గుమ్మంలో కూర్చుని ఉన్నారు. నా పేరు చెప్పాను. ఆమెకు తెలియలేదు. ఆయన దగ్గర డిగ్రీ చదివానని చెప్పాను.

“పంచాంగం పాపంటే నువ్వేనా?”

“నేనేనండీ.”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూశారు. “రాహుకాలమని ఆపీసినావంట కదమ్మా.”

 “ఎవరు చెప్పారండీ?” అన్నాను. మళ్లీ అదే ప్రశ్న.

“నెట్ సెంటరాయన. ఆ సాయంత్రమే ఈయన ఎల్లి అడిగినారు, ఏటైందని. దగ్గరుండి సూసినోడు కదా, అంతా సెప్పీసినాడు. ఇంటికొచ్చి నాకు సెప్పి నవ్వినారు మీ సారు. నాకైతే నవ్వు రాలేదమ్మా. ఆ పిల్ల ఇంటికెల్లి నాలుగు మాటలు అడిగీసి వస్తానని సెప్పులేసుకున్నాను. గుమ్మంలో అడ్డం నిలబడిపోనారు. ‘దానికి సదువు ఒచ్చిందే ఆ పుస్తకంలోంచి. దాన్నేటంటావు’ అన్నారు.”

అంటే బీరువా ఖాళీ చేసిన రోజున ఆయనకు తెలుసు. సర్వర్ అని నేను అంటుంటే తెలుసు. వేళ్లు మడిచి మూడు కారణాలు లెక్కపెట్టి, నాలుగో వేలు మడవకుండా వదిలేసింది తెలిసే. ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు, ఎప్పుడు చెప్పారు అని నాకంటే ముందే అడిగి తెలుసుకున్న మనిషి ఆయన.

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి అనవలసి వస్తుంది. ఆమె లేచి లోపలికి వెళ్లి, విస్తట్లో కొంచెం అన్నం, పప్పు తెచ్చి పెట్టారు. “తిను. మందులేసుకునే మనిషివంట కదా. అది కూడా సెప్పినారు.”

తిన్నాను. ఆ రోజు నేను చేయగలిగిన మంచి పని అదొక్కటే.

వచ్చేసేటప్పుడు, ఆయన గురించి ఎప్పుడైనా రాసుకోవచ్చా అని అడిగాను. ఆమె వెంటనే లోపలి గది వైపు చూశారు. అక్కడ ఆయన తల్లిగారు మంచం మీద పడుకుని ఉన్నారు.

“రాసుకో గాని పేరు ఎయ్యకు. మా అత్తగారికి కొడుకు గవర్నమెంటు లెక్చరరనే తెల్సు, పర్మినెంటని. ఊర్లో అందరికీ అలాగే సెప్పుకున్నారావిడ. ఇప్పుడీ వయసులో ఎవులో ఒకరు సదివి ఇనిపిస్తే...”

పేరు వేయనని మాట ఇచ్చాను.

ఆ మధ్య ఒక పనిమీద కాలేజీకి వెళ్లాను. ఆఫీసు గోడకు చరిత్ర శాఖలో పనిచేసినవారి పేర్ల బోర్డు ఉంది. ఒకాయన బదిలీ అయిన తేదీ తరవాత కిందంతా ఖాళీ. ఆ ఖాళీ అంతా ఆయనే. గెస్టుల పేర్లు బోర్డు మీద రాయరట. కింద గదిలో మళ్లీ విరిగిన బెంచీలు పడేశారు. అప్ప తాళం తీసి చూపించి, “ఊడవమంటే ఊడుస్తాను పాపా, ఎవులొస్తారని?” అంది.

ఆ జీడితోట రైతు కూతురు ఎలా ఉందని మీరు అడగొచ్చు. చరిత్ర ఎత్తేశాక వచ్చిన రెండో విడతలో ఆమె కంప్యూటర్ గ్రూపు తీసుకుంది. బాగానే ఉంది. కాంప్లెక్సులో కనబడినప్పుడు, “మంచిదే అయిందక్కా, చరిత్రలో చేరుంటే ఏటయ్యేదాన్నో” అంది. ఆమె బాగున్నందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. నిజంగానే పెట్టుకున్నాను. తరవాత బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

నా నమ్మకం పోయిందా అని అమ్మ ఒకసారి భయంగా అడిగింది. పోలేదు. రోజూ దీపం పెడతాను. గడియారం చూస్తే రాహుకాలం ఇప్పటికీ తెలుస్తుంది, ఆపుకోలేను. దానికోసం ఎవరి పనీ ఆపను. పూజకు ముందు సంకల్పం చెప్పుకుంటాం కదా, ఏ సంవత్సరంలో, ఏ మాసంలో, ఏ తిథినాడు, ఏ చోట నిలబడి, ఎవరు ఈ మాట అంటున్నారో. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నవి మా సారు ప్రశ్నలే. దేవుడి ముందు కూడా ముందు ఆ లెక్క చెప్పాకే అడగాలి. అక్కడ, నా గోత్రం చెప్పుకున్న తరవాత, ఆయన పేరు మెల్లగా ఒకసారి అంటాను. దేవుడికి చెప్పనని నేనెవరికీ మాట ఇవ్వలేదు.

మీకు చెప్పలేను. అందుకని ఒక్కటే అడుగుతున్నాను. మీ ఇంటికి వేసవిలో ఎవరైనా కరపత్రాలు పట్టుకుని వస్తే, లేదా ఎవరైనా మీకో కబురు చెబితే నీకెవరు చెప్పారని మీ నోట వస్తే, ఆ క్షణంలో తుని బస్సు కిటికీ పక్క సీట్లో ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, ఎవరూ అడగని పాఠం చెబుతున్న ఆ గీతల చొక్కా మనిషిని ఒక్కసారి తలుచుకోండి.